ఖాతాలో ఎవరివో డబ్బులు పడ్డాయి, తిరిగి పంపమని ఫోన్లు వస్తున్నాయి. ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గురువారం సాయంత్రం మీ సేవింగ్స్ ఖాతాలో ₹48,500 జమయ్యాయని మెసేజ్ వచ్చింది. పంపినవారి పేరు మీరెప్పుడూ వినలేదు. ఆ రాత్రే ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, మా అమ్మ ఆపరేషన్‌కు కట్టాల్సిన డబ్బు, ఒక్క అంకె తప్పు కొట్టి మీకు పంపేశాను, ఈ నంబరుకు యూపీఐ చేయన్నా" అని బతిమాలాడు. తెల్లారేసరికి ఇంకొకరు "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, పన్నెండింటిలోగా పంపకపోతే మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది" అన్నారు. ఇది నిజంగా పొరపాటా, మోసమా, పంపేయాలా వద్దా, ఊరుకుంటే ఏమవుతుంది అని మీ సందేహం.

ఆయనకు పంపకండి. ఆ డబ్బు ముట్టుకోకండి. బ్రాంచి తెరవగానే వెళ్లి రాతపూర్వకంగా చెప్పి, ముద్ర వేయించుకోండి. ఈలోగా బెదిరింపులు ఎక్కువైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పొరపాటైనా మోసమైనా మీరు చేయాల్సింది ఇదే. కాబట్టి ఇందులో ఏది నిజమో మీరు కూర్చుని తేల్చాల్సిన పని లేదు, ఆ టెన్షన్ వదిలేయండి.

నేను రిటైరయ్యే దాకా బ్యాంకులోనే పనిచేశాను, ఎక్కువ కాలం గుంటూరు, ప్రకాశం జిల్లాల బ్రాంచీల్లో. ఈ రకం గొడవలు కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉండేవి. నష్టపోయినవాళ్లలో ఆశపడినవాళ్లు తక్కువ, జాలిపడినవాళ్లే ఎక్కువ. "పాపం ఆయన డబ్బు, మనకెందుకు" అని ఆ క్షణమే పంపేసిన మంచివాళ్లు.

పంపితే తప్పేంటి అంటారా? డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోవాలి. పంపిన బ్యాంకు అడిగితే మీ బ్యాంకు అదే యూటీఆర్ (ఆ లావాదేవీ రిఫరెన్స్) నంబరును చూపిస్తూ ఆ ఖాతాకే తిప్పి పంపుతుంది. అప్పుడు రెండు పద్దులూ ఒకదానికొకటి సరిపోతాయి. మీరు ఫోన్‌లో కొత్తగా చేసే ట్రాన్స్‌ఫర్ అలాంటిది కాదు. రికార్డులో అది మీరు ఇష్టపూర్వకంగా వేరే వ్యక్తికి చేసిన వేరే చెల్లింపు. పాత ₹48,500 బాకీ మీ మీద అలాగే ఉంటుంది. రేపు అసలు మనిషి తన బ్యాంకు ద్వారా అడిగితే రెండోసారి మీ జేబులోంచి ఇవ్వాలి.

ముందు అసలు డబ్బు వచ్చిందో లేదో చూడండి. మీరు బ్యాలెన్స్ చూశానని రాయలేదు, మెసేజ్ వచ్చిందని మాత్రమే రాశారు. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. బ్యాంకు మెసేజ్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, అక్షరాలతో ఉన్న హెడర్ పేరుతో వస్తుంది. "ఏ/సీ క్రెడిటెడ్" అని మామూలు నంబరు నుంచి వచ్చిందంటే అది ఎవరో టైప్ చేసి పంపింది. అందులోని లింకు నొక్కొద్దు. మీ బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీసో, పాస్‌బుక్ ఎంట్రీ వేయించో చూసుకోండి. వాట్సాప్‌లో పంపే స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు, దాన్ని తయారు చేయడానికి రెండు నిమిషాలు చాలు. డబ్బు అసలు పడలేదని తేలితే ఆ నంబరు బ్లాక్ చేసి, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో 'చక్షు' అనే చోట ఫిర్యాదు పెట్టండి. మీ పని అయిపోయింది.

డబ్బు నిజంగానే ఉంటే, అది మీదే కాదా అన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. ఇది వినడానికి వింతగా ఉన్నా చాలామంది తమ డబ్బునే చూసి భయపడతారు. ఎప్పుడో పెట్టిన పీఎఫ్ క్లెయిమ్, ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్, మెచ్యూర్ అయిన ఇన్సూరెన్స్ పాలసీ, షేర్ల డివిడెండ్ ఇలా ఏదైనా కావచ్చు. స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ పక్కన రాసి ఉండే వివరణ చదవండి. ఏసీహెచ్ క్రెడిట్ అని ఉంటే డివిడెండ్ లాంటిది, ఏపీబీఎస్ అని ఉంటే ఆధార్ ద్వారా వచ్చిన ప్రభుత్వ సొమ్ము. పీఎం కిసాన్ రెండు వేలు ఒకరి ఖాతా బదులు ఇంకొకరి ఖాతాలో పడటం మా బ్రాంచిల్లో తెలిసిన తలనొప్పే. ఆధార్ లింకు చేసేటప్పుడు జరిగే పొరపాటు అది. అదీ బ్రాంచిలోనే సరిచేయించుకోవాలి. మీకు ఫోన్లు కూడా వస్తున్నాయి కాబట్టి మీది ఇలాంటిది కాదనుకుంటున్నాను.

ఇక ఆ డబ్బు ఎవరిది కావచ్చు? నేను చూసినంతలో నాలుగు దారులున్నాయి.

మొదటిది నిజమైన పొరపాటు. అది జరగదని అనుకోవద్దు. బ్యాంకుల మధ్య డబ్బు పంపే పద్ధతి నెఫ్ట్ అయినా ఐఎంపీఎస్ అయినా డబ్బు ఖాతా నంబరును బట్టి పడుతుంది, పేరును బట్టి కాదు. నంబరు సరిగ్గా ఇంకెవరిదో అయితే పేరు కలవకపోయినా జమైపోతుంది. అందుకే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేటప్పుడు ముందుగా పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి గుమాస్తా రైతుకు వెళ్లాల్సిన డబ్బు రెండంకెలు తారుమారై వేరే ఊళ్లో ఒక టైలర్ ఖాతాకు పంపాడు. ఆ టైలర్ చాలా తెలివైనవాడు. వ్యాపారి మనుషులు ఊరు వెతుక్కుంటూ వెళ్లి అడిగినా ఇవ్వలేదు, "మీ బ్యాంకు మా బ్యాంకుకు రాయాలి, అప్పుడు సంతకం పెడతాను" అన్నాడట. వ్యాపారి కోపంగా మా దగ్గరికొచ్చాడు. కోపం చల్లారాక మేము ఆ బ్యాంకుకు రాశాం, టైలర్ మాట ప్రకారం సంతకం పెట్టాడు, డబ్బు వచ్చింది. మీరూ ఆ టైలర్ చేసిందే చేయాలి.

రెండోది దొంగ సొమ్ము. ఎవరో పెద్దాయన్ని, పోలీసులమని వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' పేరుతో బెదిరించి లాగేసిన డబ్బు నేరుగా దొంగ ఖాతాకు వెళ్లదు. ముందు ఒకరి ఖాతాలో, అక్కడి నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాల్లో తిరుగుతుంది. మధ్యలో వాడుకునే ఇలాంటి ఖాతాలను మ్యూల్ అకౌంట్లు అంటారు. మీరు "తిరిగి" పంపితే ఆ గొలుసులో మీరూ ఒక లింకు. బాధితుడు 1930లో ఫిర్యాదు చేయగానే పోలీసులు డబ్బు వెళ్లిన ప్రతి ఖాతానూ వరసగా పట్టుకుంటారు. మీ ఖాతాలో డబ్బు కదలకుండా ఉంటే, పైగా మీరే ముందుగా బ్యాంకుకు చెప్పి ఉంటే, మీరు సాక్షి. వచ్చిన గంటలోనే ఇంకొకరికి పంపి ఉంటే మీ కథ ఎంత నిజమైనా, కాగితం మీద మీ ఖాతా కూడా మ్యూల్ ఖాతాలాగే కనిపిస్తుంది.

మూడోది చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆ డబ్బు మీదే అయి ఉండొచ్చు. మా బ్రాంచిలో ఒక రిటైర్డ్ టీచరు గారికి ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉండేవి. ఏదో కేవైసీ ఫైలు అని వాట్సాప్‌లో వచ్చిన దాన్ని ఆయన ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేశారు. దాంతో నెట్ బ్యాంకింగ్ వివరాలు దొంగల చేతికి చిక్కాయి. వాళ్లు ఆ డిపాజిట్ మీద ఆన్‌లైన్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ తీశారు, ఆ అప్పు ఆయన సేవింగ్స్ ఖాతాలోనే పడింది. బయటి ఖాతాకు పంపాలంటే అదనంగా ఓటీపీలు కావాలి, అది వాళ్లకు కుదరలేదు. అందుకని ఆయనకే ఫోన్ చేసి "మాస్టారూ, పొరపాటున మీ ఖాతాలో వేశాం, పంపేయండి" అన్నారు. ఆయన నిజాయితీగా పంపేశారు. పంపింది తన డిపాజిట్ మీద తీసిన అప్పు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోవడానికి వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ఇన్‌స్టంట్ పర్సనల్ లోన్‌తో కూడా ఇదే ఆట ఆడతారు. అందుకని యాప్‌లో లోన్ల పేజీ, డిపాజిట్ల పేజీ ఇప్పుడే తెరిచి చూడండి. మీకు తెలియని అప్పు కనిపించినా, డిపాజిట్ మాయమైనా, వెంటనే బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఈ మధ్య వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ఫోన్‌లో యాప్ పెట్టే) ఫైలు ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ఫోన్‌ను నమ్మకండి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

నాలుగోది బ్యాంకు తప్పు. ఒకే జీతాల ఫైలు రెండుసార్లు అప్‌లోడ్ కావడం లాంటివి. దీన్ని బ్యాంకే సరిచేసుకుంటుంది, మీకు ఫోన్ చేసి ప్రైవేటు యూపీఐ నంబరుకు పంపమని ఏ బ్యాంకూ అడగదు.

మీకు ఫోన్ చేసిన ఆయన సంగతికొద్దాం. నన్ను అనుమానపడేలా చేసింది ఆయన ఏడుపు కాదు, మీ ఫోన్ నంబరు ఆయనకెలా తెలిసింది అన్నది. మీరు చెప్పినట్టు ఆయన ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. ఖాతా నంబరు చూస్తే ఫోన్ నంబరు తెలియదు, బ్యాంకు కూడా ఇవ్వకూడదు. యూపీఐలో మొబైల్ నంబరుకు పంపితే మాత్రం ఆ నంబరు పంపినవాడి దగ్గర ఉంటుంది, అది సహజమే. అందుకే మీ స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ నెఫ్టా, ఐఎంపీఎసా, యూపీఐయా చూడండి. నెఫ్ట్ అయి ఉండి ఆయన మీ నంబరుకు ఫోన్ చేశాడంటే మీ వివరాలు ముందే ఆయన దగ్గరున్నాయి. ఇంకో విషయం, పంపిన ఖాతా పేరూ ఆయన చెబుతున్న యూపీఐ పేరూ ఒకటేనా? నిజంగా పొరపాటు చేసినవాడు తన ఖాతాకే రావాలని కోరుకుంటాడు, బావమరిది నంబరుకు కాదు.

మళ్లీ ఫోన్ వస్తే తిట్టొద్దు, వాదించొద్దు. "మీరు మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, వాళ్లు మా బ్యాంకుకు రాస్తే నేను వెంటనే సంతకం పెడతాను, నేనూ మా బ్రాంచికి చెప్పేశాను" అనండి చాలు. నిజమైన మనిషైతే విసుక్కుంటాడు గానీ ఒప్పుకుంటాడు. దొంగ అయితే తొందరపెడతాడు, సగమైనా పంపమంటాడు, మీరు కొంత ఉంచుకోమంటాడు, ఆఖరికి పోలీసు కేసంటాడు. కమిషన్ ఇస్తానన్నాడంటే ఇక ఆలోచించక్కర్లేదు.

"బ్యాంకు నుంచి" అని వచ్చిన రెండో ఫోన్ గురించి. ఖాతాదారులకు సర్వీసు, లావాదేవీల కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులను ఆదేశించింది. మామూలు మొబైల్ నుంచి వచ్చి గంటల గడువు పెట్టేవాడు బ్యాంకు మనిషి కాదు. 1600 నంబరైనా సరే, ఓటీపీ, పిన్ అడిగినా, స్క్రీన్ చూపించే యాప్ పెట్టుకోమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ డబ్బు పోతోందనే.

బ్రాంచిలో ఇచ్చే ఉత్తరం పెద్దగా ఉండక్కర్లేదు. ఇలా రాయండి:

"మేనేజర్ గారికి, నా సేవింగ్స్ ఖాతా నంబరు ఫలానాలో, ఫలానా తేదీన, ఫలానా రిఫరెన్స్ నంబరుతో ₹48,500 జమ అయింది. ఈ సొమ్ము నాది కాదు, పంపినవారెవరో నాకు తెలియదు. దీన్ని హోల్డ్‌లో పెట్టి, పంపిన బ్యాంకుతో సరిచూసుకుని, వచ్చిన ఖాతాకు మాత్రమే తిరిగి పంపవలసిందిగా కోరుతున్నాను. అందుకు ఈ మొత్తం నా ఖాతా నుంచి డెబిట్ చేయడానికి సమ్మతిస్తున్నాను. దీని గురించి నాకు ఫలానా నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి."

"వచ్చిన ఖాతాకు మాత్రమే" అన్న మాట తప్పకుండా ఉండాలి. రిఫరెన్స్ నంబరు యూపీఐ, ఐఎంపీఎస్‌కు 12 అంకెలు, నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కు 22 ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కౌంటర్లో "ఎందుకండీ ఇదంతా, మీరే పంపేయండి" అనేవాళ్లు ఉంటారు. రద్దీలో అలా అంటారు, పట్టించుకోకండి, మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ముద్ర వేయనంటే అదే ఉత్తరం బ్రాంచి ఈమెయిల్‌కూ కస్టమర్ కేర్‌కూ పంపి ఫిర్యాదు నంబరు దాచుకోండి.

హోల్డ్ అడగడానికి ఇంకో కారణం ఉంది. నెలాఖరులో మీ ఈఎంఐ, ఎస్‌ఐపీ ఆ ఖాతా నుంచే పోతుంటే, మీ సొంత బ్యాలెన్స్ తక్కువైనప్పుడు వాళ్ల డబ్బులోంచి తెగిపోతుంది. అప్పుడు వాడలేదు అని చెప్పడం కష్టం. ఒకవేళ డబ్బు బకాయిలో ఉన్న లోన్ ఖాతాలో పడితే వ్యవహారం ఇంకా ముదురుతుంది, ఆ రోజే వెళ్లాలి.

ఊరుకుంటే ఏమవుతుంది అని కూడా అడిగారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇచ్చి తీరాలి. తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 కింద నేరం, కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు. 2021లో బీహార్‌లోని ఖగడియా జిల్లాలో ఒకాయన ఖాతాలో గ్రామీణ బ్యాంకు పొరపాటున ఐదున్నర లక్షలు వేసింది. ప్రధాని ఇస్తానన్న 15 లక్షల్లో మొదటి విడత అనుకున్నానని ఆయన ఖర్చు పెట్టేశాడు. బ్యాంకు నోటీసులిచ్చినా కట్టలేదు, అరెస్టయ్యాడు.

ఇదంతా చదివాక, ఇప్పటికే పంపేసినవాళ్లు ఎవరైనా ఉంటే: వెంటనే 1930, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. మీ డబ్బు అవతలి ఖాతా నుంచి డ్రా అయ్యేలోపు ఫిర్యాదు చేరితే ఆపే అవకాశం ఉంది, రాత్రయినా ఆగొద్దు. మీ ప్రమేయం లేకుండా ఖాతా నుంచి డబ్బు పోయిన కేసు వేరు. 2017లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, మెసేజ్ అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ మీద భారం పడకూడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయిన డబ్బు నష్టం మీరే భరించాలి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఇదే మోసం చెక్కు రూపంలో వస్తుంది. ఇంటి వస్తువు అమ్మితేనో, పార్ట్ టైమ్ పని అంటేనో ఎక్కువ మొత్తానికి చెక్కు ఇచ్చి, మిగతాది జెల్‌లో (అక్కడ మన యూపీఐలా వెంటనే డబ్బు పంపే సర్వీసు) పంపమంటారు. అక్కడ చెక్కు పూర్తిగా క్లియర్ కాకముందే డబ్బు వాడుకోనిస్తారు. రోజుల తర్వాత చెక్కు తిరిగొస్తే బ్యాంకు ఆ మొత్తం పిల్లల ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది. జెల్‌లో పోయింది పోయినట్టే.

ఖాతా నిజంగానే ఫ్రీజ్ అయితే కంగారుపడి ఖాతా మూసేసే ప్రయత్నం చేయకండి. ఏ పోలీస్ స్టేషన్ నుంచి, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఎంత మొత్తానికి వచ్చిందో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. చాలాసార్లు అది వేరే రాష్ట్రం స్టేషన్ అవుతుంది. దర్యాప్తు అధికారికి ముద్ర పడ్డ మీ ఉత్తరం, ఆధార్, స్టేట్‌మెంట్ జతచేసి ఈమెయిల్ చేయండి. వివాదంలో ఉన్న ₹48,500కే హోల్డ్ పరిమితం చేసి మిగతా ఖాతా వదలమని అడగండి, ఇది అడగదగ్గదే. వినకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయాలి, అక్కడ లాయరు కావాలి. "ఖాతా విడిపిస్తాం, ఐదు వేలు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు మళ్లీ ఆ ముఠాలోవాళ్లే.

మీ ఉత్తరానికి బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు, రిజర్వ్ బ్యాంక్ వారి సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహముంటే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు మీరిచ్చిన ఫిర్యాదు కాపీ, దాని తేదీ.